బధిర విద్యార్థులకు సహాయక సాధనములు: చెన్నపట్టణపు అనుభవము

వినికిడి లోపముగల బాలబాలికలు చదువు నేర్చుటకు తోడ్పడు యంత్రములను, పరీక్షా పద్ధతులను, మాటను కంటికి కనబడునట్లు చేయు ఏర్పాటులను కలిపి సహాయక విద్యాసాధనములని వ్యవహరించుట పరిపాటి. చెవికి తగిలించుకొను వినికిడి యంత్రము, శస్త్రచికిత్సచే లోపల అమర్చు కాక్లియర్ ఇంప్లాంటు, ఉపాధ్యాయుని కంఠమును నేరుగా విద్యార్థి చెవికి చేర్చు మైకు, పలికిన మాటను అక్షరములుగా తెరపై నిలుపు సాఫ్ట్‌వేరు, సైగభాషలో పాఠము చెప్పు వీడియోలు ఈ కోవకు చెందినవి. వీనిలో ఏ ఒక్కటియు తనంతట తాను విద్య కాజాలదు. శబ్దము చెవికి చేరుట వేరు, భాష మనస్సులో నాటుకొనుట వేరు; మొదటిదానిని యంత్రము సాధింపగలదు, రెండవదానిని తల్లియు, గురువును, తోటి పిల్లలును, ఇంటిలో ప్రతిదినము సాగు సంభాషణయును సాధింపవలయును. కావున ఏ సాధనమునైనను అది ఎన్ని డెసిబెళ్ల శబ్దమును వినిపించినదని గాక, బిడ్డకు ఎంత భాష నిచ్చినదని కొలువవలయును. ఈ కొలతతో పరిశీలించుటకు చెన్నపట్టణము తగిన స్థలము. పురాతనమైన బధిర పాఠశాలలు, శైశవ విద్యాలయములు, పేరెన్నికగన్న శ్రవణ చికిత్సాలయములు, భాషా సాంకేతిక పరిశోధన జరుగు ఐఐటీ ఒకే నగరమున కూడియుండుట మన దేశమున అరుదు.

లోపము, దాని స్వభావము

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారము, సహాయము అవసరమగునంత వినికిడి లోపముగలవారు ప్రపంచమున 43 కోట్ల మంది, వారిలో 3.4 కోట్ల మంది పిల్లలు. భారతదేశపు 2011 జనాభా లెక్కలలో వినికిడి వైకల్యముగలవారుగా నమోదైనవారు 50 లక్షలకు పైబడిరి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, మాటకు సంబంధించిన పౌనఃపున్యములలో రెండు చెవులకును 70 డెసిబెళ్ల లోపముగలవారిని బధిరులనియు, 60 నుండి 70 డెసిబెళ్ల వరకు లోపముగలవారిని వినికిడి మందగించినవారనియు నిర్వచించినది. ధ్రువపత్రమునకు ఈ హద్దులు అవసరమే గాని, విద్యాదృష్టితో చూచినచో ఇవి చాలవు. 40 డెసిబెళ్ల లోపముగల బాలుడు మామూలు బడిలోనే కూర్చుండును, పేరుపెట్టి పిలిచిన పలుకును, పాఠములో సగము మాత్రము వినును. అతనికి వినబడుట లేదని ఎవరికిని తోచదు గనుక పరాకువాడనియు మొద్దువాడనియు పేరు వచ్చును. పూర్తిగా వినబడని బిడ్డ విషయమున కనీసము అందరును జాగ్రత్తపడుదురు. ఇట్టి బిడ్డకు ఆ జాగ్రత్తయు దక్కదు.

మాటలో అచ్చులకు బలము హెచ్చు, పౌనఃపున్యము తక్కువ. హల్లులు, ముఖ్యముగా స, శ, ష వంటి ఊష్మములు, బలహీనములును అధిక పౌనఃపున్యము గలవియు నైనవి. అధిక పౌనఃపున్యములు వినబడని బిడ్డకు ఎవరో మాటలాడుచున్నారని తెలియును, ఏమనుచున్నారో తెలియదు. పెదవులను చూచి గ్రహింపవచ్చునందురు. కాని పాట, బాట, మాట అను మూడు పదములును పెదవులపై ఒక్కతీరుగనే కనబడును. నోటి లోపల పుట్టు క, గ లు కంటికి అందనే అందవు. తెలుగునకు మరియొక చిక్కు కలదు. మన భాషలో కర్త ఎవరో, పని ఎప్పుడు జరిగినదో, ఏ పదమునకు ఏ పదముతో సంబంధమో తెలుపు ప్రత్యయములు పదాంతమున చేరును. ఆ పదాంతములనే మనము తేలికగా పలికి విడుతుము. వచ్చాడు, వచ్చాను, వచ్చాము అను క్రియలలో భేదమంతయు కడపటి అక్షరమున నున్నది. ఆ కడపటి అక్షరము చెవిని పడని బిడ్డకు వచ్చినది ఎవరో తెలియదు. అట్టి పిల్లలు వ్రాసిన వాక్యములలో విభక్తులు లోపించుట, క్రియాంతములు తారుమారగుట తెలివితక్కువచే గాదు, విననిదానిని వ్రాయజాలకపోవుటచేతనే యని ఉపాధ్యాయులు గ్రహింపవలయును.

పుట్టు చెవుడునకు కారణములు పలు విధములు. గర్భిణికి రుబెల్లా సోకుట, నెలలు నిండకయే పుట్టుట, పుట్టిన బిడ్డకు తీవ్రమైన కామెర్లు వచ్చుట, మెదడుపొరల జ్వరము, కొన్ని బలమైన మందులు వానిలో ముఖ్యమైనవి. దక్షిణదేశమున మేనరికములు హెచ్చుగా నుండుటయు ఒక కారణమని వైద్యులు చాలకాలముగా చెప్పుచున్నారు. చెవిలో చీము కారుటచే కలుగు లోపము వేరు. అది పెక్కుసార్లు చికిత్సచే కుదురును.

చెన్నపట్టణమున బధిర విద్య

తమిళదేశమున బధిర విద్యకు ఆద్యురాలు ఫ్లారెన్స్ స్వైన్సన్ అను ఆంగ్ల మిషనరీ వనిత. ఆమె పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున పాళయంకోట్టైలో పాఠశాల నెలకొల్పినది. అంతకు కొలది సంవత్సరముల ముందే బొంబాయిలోను, అదే దశకమున కలకత్తాలోను బధిర పాఠశాలలు వెలసినవి. చెన్నపట్టణమున గోపతి నారాయణస్వామి చెట్టి పేరిటనున్న రోడ్డులోని లిటిల్ ఫ్లవర్ కాన్వెంటు 1926 నాటిది. అంధులకును బధిరులకును అక్కడ విద్య గరపుచున్నారు. 1962లో అడయారున క్రైస్తవ సన్న్యాసులైన మోంట్‌ఫోర్ట్ సోదరులు సెయింట్ లూయీ సంస్థను స్థాపించిరి. అది క్రమముగా పెరిగి నేడు బధిర విద్యార్థులకు డిగ్రీ చదువు చెప్పు కళాశాలను కూడ నడుపుచున్నది.

ఈ పాఠశాలలు బడి వయస్సు వచ్చిన పిల్లలను చేర్చుకొన్నవి. కాని ఐదేండ్లు నిండిన తరువాత బడికి వచ్చు బధిర బాలుడు, తన యీడువారు వేలకొలది మాటలు నేర్చి, కథలు చెప్పి, పేచీలు పెట్టి, ప్రశ్నలతో పెద్దలను వేధించు కాలమంతయు నిశ్శబ్దమున గడిపి వచ్చుచున్నాడు. భాష మొలకెత్తవలసిన అదను అదియే. ఈ సంగతిని గుర్తించి 1969లో సరస్వతీ నారాయణస్వామి అడయారు ప్రాంతమున బాల విద్యాలయ మను శిశు పాఠశాలను ప్రారంభించినది. పసిబిడ్డలను చేర్చుకొని, మెలకువగా నున్నంతసేపు వినికిడి యంత్రము ధరింపజేసి, సహజ సంభాషణ ద్వారా వినుటను పలుకుటను అలవరచి, ఐదేండ్ల ప్రాయమునకు మామూలు బడికి పంపుట ఆ పాఠశాల ధ్యేయము. అచ్చట రూపొందిన బోధనా పద్ధతికి ధ్వని అని పేరు. తల్లి తరగతిలో బిడ్డ ప్రక్కనే కూర్చుండి, టీచరు ఎట్లు మాటలాడించునో చూచి, ఇంటికి వెళ్లి అదే పని కొనసాగింపవలయును. పాఠశాలలో గడచునవి కొన్ని గంటలే గనుక, చీర మడత పెట్టునప్పుడును, కూర తరుగునప్పుడును, బస్సు కొరకు నిలిచియున్నప్పుడును బిడ్డతో మాటలాడు తల్లియే ఆ పద్ధతికి ప్రధానోపాధ్యాయిని.

మరుసటి సంవత్సరము, 1970లో, లీలావతీ ప్యాట్రిక్ మైలాపూరున క్లార్క్ బధిర పాఠశాలను స్థాపించినది. ఆ పేరు వినగానే అమెరికాలోని నార్తాంప్టన్‌లో 1867లో వెలసిన క్లార్క్ పాఠశాల స్ఫురించును. టెలిఫోను నిర్మాతగా లోకమెరిగిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ వృత్తిచే బధిరులకు మాట నేర్పు ఉపాధ్యాయుడు. అతని తల్లియు, భార్యయు వినికిడి కోల్పోయినవారే. భార్య తండ్రి గార్డినర్ హబ్బర్డ్ ఆ నార్తాంప్టన్ పాఠశాలకు తొలి అధ్యక్షుడు. ధ్వనిని విద్యుత్తుగా మార్చి మరల ధ్వనిగా వినిపించు విద్య, తరువాతి తరములలో ప్రతి వినికిడి యంత్రమునకు ఆధారమైనది, బధిర విద్యాభిలాషుల ఇంటి పంచన పెరిగినదనుట చరిత్రకు తగిన మాటయే.

1969, 1970 నాటికి కాక్లియర్ ఇంప్లాంటు వాడుకలోనికి రాలేదు, డిజిటల్ యంత్రము లేదు. బిడ్డ రొమ్ముమీద గుడ్డసంచిలో కట్టిన చిన్న పెట్టె, దానినుండి చెవులకు ప్రాకిన తీగలు, చొక్కా రాపిడి సైతము మాటతో కలిసి వినిపించు మైకు, ఇవియే ఆనాటి సామగ్రి. ఆ సామగ్రితోనే పిల్లలు మాటలు నేర్చి, మామూలు బడులకు వెళ్లి, చదువులు ముగించిరి. యంత్రముల వెలకన్న బిడ్డ వయస్సే ఫలితమును నిర్ణయించుననునది చెన్నపట్టణపు తొలి పాఠము. తరువాత వచ్చిన ఏ యంత్రమును ఈ పాఠమును తోసిపుచ్చలేదు.

వినికిడి యంత్రము

మన ఇండ్లలో చెవి మిషను అని పిలుచు ఈ యంత్రమునకు మైకు, శబ్దమును పెంచు ఆంప్లిఫయరు, చెవిలోనికి పంపు రిసీవరు, బ్యాటరీ అను నాలుగంగములు. 1950 దశకమున ట్రాన్సిస్టరు వచ్చినప్పటినుండి అది చిన్నదగుచు వచ్చి చెవి వెనుకకు చేరినది. 1990 దశకమున డిజిటల్ పద్ధతి వచ్చిన పిదప, ఏ పౌనఃపున్యమున ఎంత లోపమున్నదో కొలిచి అంతమేరకే పెంచుట సాధ్యమైనది. పాత యంత్రము అన్నిటిని ఒక్కతీరున పెంచెడిది. మసకబారిన అద్దములోని బొమ్మను పెద్దది చేసి చూపినంతమాత్రమున దాని రేఖలు తేటపడనట్లు, శబ్దము పెరిగినంతమాత్రమున మాట స్పష్టము కాదు. కావున వినికిడి యంత్రమును కంటి అద్దాల దుకాణములో కొన్నట్లు కొని తగిలించుట తప్పు. వినికిడి నిపుణుడైన ఆడియాలజిస్టు పరీక్షించి, అమర్చి, నెలల తరబడి సవరింపవలయును.

చెవిలో ఇమిడియుండు ఇయర్ మోల్డు చూచుటకు చిన్న వస్తువే గాని, పిల్లల విషయమున సగము కష్టము దానిదే. మెత్తని ముద్దను చెవిలో నింపి, గట్టిపడిన పిమ్మట తీసి, ఆ అచ్చును బట్టి మోల్డు చేయుదురు. బిడ్డ చెవి ఎదుగుచుండును గనుక కొలది మాసములకే అది వదులగును. వదులైన సందునుండి శబ్దము బయటికి వచ్చి మరల మైకులో పడి కీచుమని కూయును. ఆ కూత భరింపలేక ఇంటివారు శబ్దమును తగ్గింతురు, లేదా యంత్రమును తీసి బీరువాలో పెట్టుదురు. ఎన్నియో యంత్రములు ఈ విధముగ నిరర్థకమైనవి. ఉచితముగ యంత్రములు పంచు శిబిరములు మోల్డులను, బ్యాటరీలను, మరమ్మతును లెక్కలో వేయనిచో ఆ పంపిణీ ఫొటోలకు తప్ప చదువునకు ఉపకరింపదు.

సముద్రతీరమున నున్న చెన్నపట్టణపు ఉక్కయు, చెమటయు ఈ యంత్రములకు శత్రువులు. మోల్డు గొట్టములో నీటిచుక్కలు పట్టినచో శబ్దము ఆగిపోవును. రాత్రి పడుకొనునప్పుడు బ్యాటరీ తీసి, సిలికా జెల్ గుళికలున్న డబ్బాలో యంత్రము నుంచుట ఇచట ప్రతి తల్లికిని నేర్పు మొదటి పని. తేమ పీల్చిన గుళికలు నీలమునుండి గులాబి రంగునకు మారినప్పుడు వానిని వేడిచేసి మరల వాడవచ్చును. చిన్న గుండు బ్యాటరీలు గాలి తగిలినప్పుడు పనిచేయునవి. పైనున్న స్టిక్కరు ఒలిచిన క్షణమునుండి, వాడినను వాడకున్నను, అవి తరుగుచునే యుండును.

ఉదయము బడికి రాగానే యంత్రము పనిచేయుచున్నదో లేదో చూచుటకు డేనియల్ లింగ్ అను విద్వాంసుడు ఏర్పరచిన పరీక్ష లోకమంతట వాడుకలో నున్నది. టీచరు నోటికి కాగితము అడ్డము పెట్టుకొని మ్, ఊ, ఆ, ఈ, ష్, స్ అను ఆరు ధ్వనులను ఒకదాని వెంట నొకటి, మధ్య మధ్య విరామమిచ్చి, పలుకును. బిడ్డ చేతిలో పూసయో చెక్కముక్కయో ఉండును. ధ్వని వినబడిన వెంటనే దానిని డబ్బాలో వేయవలయును. ఈ ఆరు ధ్వనులలో మాటకు కావలసిన అల్పాధిక పౌనఃపున్యములన్నియు ఇమిడియున్నవి. ఊ కు పూసవేసి స్ కు వేయకున్నచో, ఆనాడు ఆ బిడ్డకు ఏమి వినబడుట లేదో టీచరునకు ఒక నిమిషములో తెలిసిపోవును. ఖర్చులేని ఈ పరీక్షను బధిర పాఠశాలలలోనే గాక, వినికిడి యంత్రము ధరించిన ఒక్క బిడ్డయున్న మామూలు బడిలో సైతము ప్రతి ఉదయము చేయవచ్చును; చేయవలయును.

తరగతి గది

మీటరు దూరమున సుమారు 60 డెసిబెళ్లుండు మాట దూరము రెట్టింపైనప్పుడెల్ల 6 డెసిబెళ్లు తగ్గును. అనగా మొదటి బల్లపై వినబడినది చివరి బల్లకు చేరునప్పటికి చాల క్షీణించును. అంతలో ఫ్యాను చప్పుడు, ప్రక్కగదిలో ఎక్కములు వల్లించు కేకలు, బయట ఆటోల హారన్లు దానిని కప్పివేయును. వినికిడి లోపముగల పిల్లలకు గురువు కంఠము చుట్టునున్న చప్పుడుకన్న 15 డెసిబెళ్లు హెచ్చుగ నుండవలెనని నిపుణుల మతము. గచ్చు నేల, నున్నని గోడలు, రేకుల కప్పు గల మన తరగతులలో అది అసాధ్యమని చెప్పవలెను.

దీనికి ఉపాయముగ ఏర్పడినది దూరపు మైకు పద్ధతి. ఉపాధ్యాయుడు మెడలో చిన్న మైకు ధరించును. అతని మాట రేడియో తరంగములద్వారా విద్యార్థి యంత్రమునకు నేరుగా చేరును. బాలుడు ఎచట కూర్చున్నను గురువు అతని చెవి ప్రక్కనే నిలిచి చెప్పినట్లుండును. ఎఫ్‌ఎం పద్ధతితో మొదలై నేడు ఇవి డిజిటల్ రూపము దాల్చినవి. గది చుట్టును తీగ వేసి అయస్కాంత క్షేత్రముచే ధ్వనిని పంపు లూప్ పద్ధతి ఇంతకన్న పాతది, చౌకయైనది. ఈ పరికరములు కొనలేని బడి సైతము చేయదగిన పనులు లేకపోలేదు. కిటికీలకు దట్టమైన పరదాలు, కుర్చీకాళ్లకు రబ్బరు తొడుగులు, గోడకు గుడ్డ బోర్డులు ప్రతిధ్వనిని తగ్గించును. నల్లబల్లపై వ్రాయుచు మాటలాడక, వ్రాసిన పిదప పిల్లలవైపు తిరిగి మాటలాడుటకు పైసా ఖర్చు లేదు.

కాక్లియర్ ఇంప్లాంటు

లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనియున్న కాక్లియాలోని సూక్ష్మ రోమకణములు నశించినప్పుడు ఎంత పెంచినను శబ్దము నరమునకు అందదు. అట్టివారికొరకు ఏర్పడిన సాధనము ఇది. చెవి వెనుకనుండు ప్రాసెసరు ధ్వనిని విశ్లేషించి, చర్మముక్రింద అమర్చిన భాగమునకు పంపును. అచ్చటినుండి కాక్లియాలో చొప్పించిన సన్నని తీగపైనున్న ఎలక్ట్రోడులు, నమూనాను బట్టి సుమారు 12 నుండి 22 వరకు, శ్రవణనాడిని నేరుగా ప్రేరేపించును. అమెరికాలో విలియం హౌస్ తొలి యత్నములు చేయగా, 1978లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బహుళ ఎలక్ట్రోడుల ఇంప్లాంటును అమర్చెను.

మన దేశమున ఈ చికిత్సకు చెన్నపట్టణము ముఖ్య కేంద్రములలో ఒకటైనది. 2006లో పద్మశ్రీ పొందిన మోహన్ కామేశ్వరన్ నడుపు మద్రాస్ ఇఎన్‌టి రీసెర్చ్ ఫౌండేషను ఇందులో ప్రసిద్ధి గాంచినది. లక్షల రూపాయల వెలగల ఈ చికిత్స పేదలకు అందని పండుగానే ఉండిపోయెడిది. తమిళనాడు ప్రభుత్వము తన ఆరోగ్య బీమా పథకమున ఆరేండ్లలోపు పిల్లలకు దీనిని చేర్చుటచే కూలివారి బిడ్డలకు సైతము అది లభించినది. ఆంధ్రదేశమున 2007లో వెలసిన ఆరోగ్యశ్రీయు ఈ శస్త్రచికిత్సను భరించినది. వికలాంగులకు ఉపకరణములు సమకూర్చు కేంద్రప్రభుత్వపు ఏడిఐపి పథకము 2014 నాటి సవరణలో ఒక్కొక్క బిడ్డకు రూ. 6 లక్షల వరకు అనుమతించినది.

శస్త్రచికిత్స కొన్ని గంటలలో ముగియును. కొన్ని వారములకు యంత్రమును మొదటిసారి పనిచేయింతురు. ఆనాడు బిడ్డ వినునది మాట కాదు, అర్థములేని అలికిడి. దానిని అమ్మ గొంతుగాను, కుక్క అరుపుగాను, తన పేరుగాను గుర్తించుటకు మాసములు, సంవత్సరములు శిక్షణ కావలెను. పెక్కు కుటుంబములు చికిత్స అయిన నాడే కష్టము తీరినదనుకొని ఊరికి వెళ్లిపోవును. శిక్షణాకేంద్రము జిల్లా ముఖ్యపట్టణమున నుండును, రోజుకూలి పోగొట్టుకొని వారము వారము రాగలవారెందరు? కొన్ని సంవత్సరములకు ప్రాసెసరు పాతబడును, తీగలు తెగును. వానిని మార్చు ఖర్చు ఒక చిన్న రైతు ఏటి ఆదాయమును మించును. ప్రభుత్వములు శస్త్రచికిత్సకు ఇచ్చినంత ధారాళముగ శిక్షణకును, మరమ్మతునకును ఇయ్యవలయును. లేనిచో తొలి వ్యయమంతయు వృథా యగును.

దూరమను అడ్డంకిని తొలగించుటకు పోరూరులోని శ్రీ రామచంద్ర వైద్యసంస్థకు చెందిన శ్రవణ నిపుణులు చేసిన ప్రయోగము ప్రశంసనీయము. గ్రామములలోని ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదునిచ్చి శిశువుల వినికిడిని ఇంటివద్దనే తొలిపరీక్ష చేయించి, అనుమానమున్న బిడ్డలకు వ్యానులో అమర్చిన పరికరములతో, ఉపగ్రహ సంబంధముద్వారా, నగరమున కూర్చున్న నిపుణులే శ్రవణనాడి పరీక్ష జరిపిరి.

సైగభాషయు, తెరపై అక్షరములును

1880లో ఇటలీలోని మిలాన్‌లో కూడిన బధిర విద్యావేత్తల మహాసభ సైగలను తరగతినుండి బహిష్కరింపవలెనని తీర్మానించినది. ఆ తీర్మానపు నీడ లోకమంతట నూరేండ్లకు పైగా నిలిచినది. 2010లో వాంకూవర్‌లో కూడిన అట్టి మహాసభయే ఆ తీర్మానమునకు విచారము ప్రకటించినది. మాట నేర్పు పాఠశాలలు సాధించిన దానిని తక్కువచేయుట తగదు. కాని ఆలస్యముగ గుర్తింపబడినవారు, యంత్రముచే ప్రయోజనము పొందనివారు, చికిత్సకు నోచుకోనివారు అసంఖ్యాకులు. వారికి మాట రాలేదు, సైగ నేర్పలేదు. ఏ భాషయు లేకయే పెరిగిరి. ఇంతకన్న ఘోరమైన లేమి విద్యారంగమున మరియొకటి లేదు. పలుకా, సైగయా యను వాదము తెగువరకు బిడ్డ బాల్యము ఆగదు. రెంటిలో ఏది ముందు అందిన దానిని ఇచ్చి, రెండవదానికి తలుపు తెరచియుంచుటయే వివేకము.

భారతీయ సైగభాష చేతులతో చేయు అనుకరణము గాదు. దానికి స్వంత వ్యాకరణము కలదు. ప్రశ్నార్థకము వాక్యాంతమున వచ్చును, కనుబొమల కదలికయు ముఖభావమును అర్థమును నిర్ణయించును. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సైగభాషా పరిశోధన శిక్షణ కేంద్రము 2018లో 3,000 పదములతో వీడియో నిఘంటువును వెలువరించి, 2021 నాటికి దానిని 10,000 పదములకు పెంచినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఈ భాషను దేశమంతట ప్రామాణీకరింపవలెనని చెప్పినది. 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్య అను కేంద్రప్రభుత్వ పథకము క్రింద సైగభాషకు ప్రత్యేకముగ 31వ టీవీ చానలు ప్రారంభమైనది.

యంత్రము సైగలను చదువగలదా యను ప్రశ్నకు సమాధానము వెదకుటలో చెన్నపట్టణము ముందడుగు వేసినది. ఐఐటీ మద్రాసుకు చెందిన పరిశోధకులు అడయారు సెయింట్ లూయీ పాఠశాలవారి సహాయముతో 263 పదముల సైగలను 4,287 వీడియోలుగ చిత్రించి, ఇన్‌క్లూడ్ అను పేర 2020లో ప్రకటించిరి. ఆ సంపుటిపై తర్ఫీదు పొందిన కంప్యూటరు నమూనా నూటికి 85 పైచిలుకు సైగలను సరిగా గుర్తించినది. అయితే ఇవి విడివిడి పదములు. తరగతిలో విద్యార్థి వడివడిగ చేయు వాక్యమును గ్రహించుట వేరొక మహాకార్యము. దానికి ఇంకను ఎంతో సామగ్రి కావలెను. ఆ సామగ్రిని కూర్చుటలో బధిరులను చిత్రింపబడువారుగ మాత్రమే గాక, పరిశోధకులుగ సైతము చేర్చుకొనవలయును, ఆ భాష వారిది గనుక.

తెరపై అక్షరములు చూపు పద్ధతి కళాశాల విద్యార్థులకు మిక్కిలి ఉపకారి. 2003లో ప్రారంభమై ఐఐటీ మద్రాసునుండి నడుచు ఆన్‌లైన్ విద్యాపథకమైన ఎన్‌పిటెల్ పాఠములకు సబ్‌టైటిళ్లు చేర్చుటయు, తెలుగుతో సహా దేశభాషలలోనికి వానిని మార్చుటయు జరుగుచున్నవి. 2019లో గూగుల్ విడుదల చేసిన లైవ్ ట్రాన్స్‌క్రైబ్ ఫోనులో తెలుగు మాటను సైతము అప్పటికప్పుడు అక్షరములుగ చూపును. బల్లపై ఫోనుంచుకొని ఉపన్యాసము చదువుకొనుచు వినగల సౌకర్యము ఒక తరము క్రిందట ఊహకందనిది. కాని తెలుగు పదములు సంధులతో, ప్రత్యయములతో పొడవుగ సాగుట, తరగతిలో ఆంగ్లపదములు మధ్య మధ్య దొరలుట యంత్రమును తికమకపెట్టును. ముచ్చటలో తప్పుపడినచో నవ్వి ఊరకుండవచ్చును; గణితములో వర్గము అనవలసినచోట వర్గమూలము అని పడినచో విద్యార్థి లెక్కయే తప్పును. వినగలవానికి ఆ తప్పు వెంటనే తెలియును, వినలేనివానికి తెలియదు. కాబట్టి ఉపాధ్యాయుడు ఆనాటి పారిభాషిక పదములను ముందుగ బోర్డుపై వ్రాసియుంచుట ఆవశ్యకము.

తెలుగు కుటుంబములు

చెన్నపట్టణమున తరతరములుగ నివసించు తెలుగువారికిని, చికిత్సకై నెల్లూరు, చిత్తూరు ప్రాంతములనుండి వచ్చువారికిని ప్రత్యేకమైన సమస్య ఒకటి కలదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఆంగ్లము. వినికిడి తక్కువైన బిడ్డకు ఏది నేర్పవలెను? ఒక్క భాషయే చాలుననియు, రెండైనచో గందరగోళపడుననియు చాలకాలము చెప్పుచు వచ్చిరి. పెక్కు పరీక్షా మండలులు ఈ విద్యార్థులకు ఒక భాషలో మినహాయింపు నిచ్చుచున్నవి. ఆ మినహాయింపు ఊరటయే, కాని విడిచిపెట్టు భాష తరచు మాతృభాషయే యగుచున్నది. తాత, అమ్మమ్మలతో మాటలాడలేని బిడ్డ బడిలో ఎన్ని మార్కులు తెచ్చినను ఇంటిలో ఒంటరియే. చిన్ననాడే యంత్రము ధరించిన పిల్లలు రెండు భాషలు నేర్వగలరని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. కావున తల్లి ఏ భాషలో లాలింపగలదో, కోపింపగలదో, కథ చెప్పగలదో ఆ భాషలోనే బిడ్డతో మొదట మాటలాడవలెను. తెలుగునాట ఈ రంగమున పనిచేయు సంస్థలు లేకపోలేదు. సికింద్రాబాదున 1977లో పి. హనుమంతరావు స్థాపించిన స్వీకార్, వినికిడి వైకల్యములకు సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రము అట్టివి. ఆ సంస్థలును చెన్నపట్టణపు శిశు పాఠశాలలును కలిసి తెలుగు తల్లులకొరకు బోధనా సామగ్రిని సిద్ధపరుపవలసియున్నది.

ఏ భాష నేర్పుటకైనను లోపమును సకాలమున గుర్తించుట మొదటి మెట్టు. అంతర్జాతీయముగ ఆమోదింపబడిన నియమము ప్రకారము పుట్టిన నెలలోపు శిశువు వినికిడిని పరీక్షింపవలెను. మూడు నెలలలోపు లోపమును నిర్ధారింపవలెను. ఆరు నెలలలోపు సహాయము మొదలిడవలెను. నిద్రించు శిశువు చెవిలో చిన్న మొన నుంచి చేయు ఆ తొలిపరీక్ష నొప్పిలేనిది, కొన్ని నిమిషములలో ముగియునది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పుట్టు చెవుడును చేర్చిరి. జిల్లా ఆసుపత్రులలో ఏర్పడిన సత్వర చికిత్సా కేంద్రములు దీనికొరకే యున్నవి. మూడేండ్లకు మాట వచ్చునులే, వాళ్ల నాన్నకును ఆలస్యముగనే వచ్చినదని పెద్దలు చెప్పినను ఆగవలదు. ఈ వ్యాసము చదువు తల్లిదండ్రులు, ఇంట పుట్టిన బిడ్డ గిలకచప్పుడునకు తల తిప్పకున్నచో, ఆ వారములోనే పరీక్షకు తీసికొనిపోవలయునని మనవి.